అమ్మకు అల్పాహారం అమ్మనన్న హోటల్

టోక్యోలోని అసాకుస ప్రాంతంలో మేము ఐదు రాత్రులు ఉన్న హోటల్ గురించి రాయాలని మొదటి రోజు సాయంత్రమే నిశ్చయించుకున్నాను. ముందుగా డబ్బు కట్టించుకొని తప్పుడు వివరాలు చూపించిన బుకింగ్ వెబ్‌సైటు మీద కోపమూ, చేతికి వస్తున్న డబ్బును వద్దని చెప్పి మాకు మేలు చేసిన కౌంటరు అమ్మాయి మీద గౌరవమూ ఆ ఒక్క సాయంత్రమే కలిగాయి. ఇంటికి వచ్చి వారాలు గడిచినా ఆ రెండింటిలో ఏదీ తగ్గలేదు.

2025 నవంబరు చివరి వారంలో నేనూ, నా భార్యా, అరవై ఏడేళ్ల మా అమ్మా నరిత విమానాశ్రయంలో దిగాము. అక్కడి నుంచి అసాకుసకు ఎక్కడా మారనవసరం లేకుండా నేరుగా వెళ్లే రైలు ఉంది. తలకు సుమారు 1,400 యెన్లు, ప్రయాణం గంటసేపు. అంతవరకూ సుఖంగానే సాగింది. హోటల్ ‘అసాకుస స్టేషనుకు ఐదు నిమిషాల నడక’ అని వెబ్‌సైటులో ఉండబట్టే అమ్మ మోకాళ్లను దృష్టిలో పెట్టుకొని దాన్ని ఎంచుకున్నాను. అయితే అసాకుస అనే పేరుతో అక్కడ ఒక్క స్టేషను కాదు, నాలుగు రైలు సంస్థలకు నాలుగు స్టేషన్లు ఉన్నాయి. వాటిలో మూడు సుమిద నది వైపు దగ్గరదగ్గరగా ఉంటే, త్సుకుబా ఎక్స్‌ప్రెస్ వారి స్టేషను మాత్రం సెన్సోజి అనే పెద్ద బౌద్ధ గుడికి పడమటి వైపున, మిగిలిన వాటికి దూరంగా ఉంది. మా హోటల్‌కు ఐదు నిమిషాల దూరంలో ఉన్నది ఆ నాలుగోది. మేము దిగింది నది వైపు. రెండు పెద్ద పెట్టెలు లాక్కుంటూ, రద్దీగా ఉన్న కాలిబాటల మీద అమ్మను ఆపి ఆపి నడిపించుకుంటూ చేరేసరికి అరగంట పట్టింది. దారిలో అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అసాకుసలో గది తీసుకునేవారు స్టేషను పేరు ఒక్కటే చూసి ఊరుకోకుండా, అది ఏ రైలు మార్గం మీది స్టేషనో తప్పక చూసుకోవాలి.

గదుల విషయంలోనూ ఇదే జరిగింది. మా ఇద్దరికీ రాత్రికి 16,800 యెన్ల చొప్పున ‘డబుల్’ గది, అమ్మకు 9,800 యెన్ల చొప్పున సింగిల్ గది తీసుకున్నాను. ఐదు రాత్రులకు కలిపి 1,33,000 యెన్లు, అంటే యెన్ 57 పైసల లెక్కన మన డబ్బులో సుమారు 76,000 రూపాయలు. అప్పట్లో టోక్యోలో మనిషికి రాత్రికి పదివేల యెన్లు, ఆపైన అయితేనే బస పన్ను పడేది కనుక మాకు ఆ భారం లేదు. గది విస్తీర్ణం 13 చదరపు మీటర్లు, అంటే 140 చదరపు అడుగులు. జపాన్ నగరాల్లో మధ్యతరగతి హోటళ్ల గదులు ఇలాగే ఉంటాయని తెలుసు గనుక దానికి నేను వంక పెట్టను. కానీ మంచం వెడల్పు 120 సెంటీమీటర్లు. దాన్ని అక్కడ ‘సెమీ డబుల్’ అంటారు. ఇద్దరు పెద్దవాళ్లు పడుకుంటే ఒకరు కదిలినప్పుడల్లా రెండోవారికి మెలకువ వస్తుంది. హోటల్ వారి సొంత పేజీలో సెమీ డబుల్ అని, 120 సెంటీమీటర్లని, త్సుకుబా ఎక్స్‌ప్రెస్ స్టేషను అని స్పష్టంగానే ఉంది. ఆ మాటలను కత్తిరించి మాకు అమ్మింది మధ్యలోని వెబ్‌సైటు. నేను రాసిన ఫిర్యాదుకు, వివరాలన్నీ హోటల్ ఇచ్చినవేనని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఇది నిజం కాదని తెలిసి కూడా అలా రాయడాన్ని నేను మోసమనే అంటాను.

ఇక మంచి సంగతి చెబుతాను. పదేళ్ల కిందట నాన్న పోయినప్పటి నుంచి అమ్మ మాంసం, చేపలు, గుడ్లు ముట్టడం లేదు. ‘శాకాహార అల్పాహారం లభ్యం’ అన్న గుర్తు వెబ్‌సైటులో చూసి, కౌంటరు దగ్గర పాస్‌పోర్టుల నకళ్లు తీస్తుండగానే ముగ్గురికీ ఐదు రోజులకు టికెట్లు ఇమ్మని అడిగాను. మనిషికి రోజుకు 1,800 యెన్లు. అక్కడున్న అమ్మాయికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. తినకూడనివి ఏమైనా ఉన్నాయా అని అడిగింది. అమ్మ సంగతి చెప్పగానే డబ్బు తీసుకోకుండా, కాసేపు ఆగమని తల వంచి లోపలికి వెళ్లింది. పది నిమిషాల తర్వాత మరునాటి వంటకాల పట్టికతో వచ్చింది. అందులో సగానికి పైగా పదార్థాల మీద ఎర్ర పెన్సిలు గీతలు ఉన్నాయి. మిసో సూపు, ఉడికించిన కూరగాయలు, పాలకూర, చుట్టిన ఆమ్లెట్టు, సోయా గింజల నత్తో పక్కన ఇచ్చే పులుసు పొట్లం, చివరికి సలాడు మీద పోసే రసం కూడా కొట్టివేసి ఉంది. వీటన్నిటిలో దాషి అనే చారునీళ్లు ఉంటాయనీ, దాన్ని చేపతో కాస్తారనీ ఫోనులోని అనువాదం సాయంతో ఓపికగా చెప్పింది. చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి, అది చెక్కలా గట్టిపడ్డాక చిత్రిక పట్టినట్టు పలుచని పొరలు తీసి నీళ్లలో కాచే చారు అది. కూరలో చేపముక్క కనిపించదు, వాసనా పెద్దగా రాదు, కానీ జపాన్ వంటలో అది లేని చోటు అరుదు.

గీతలు పడకుండా మిగిలినవి తెల్లన్నం, పచ్చి కూరముక్కలు, టోఫు, అరటిపండు, నారింజరసం. ఈ ఐదింటికి మీ అమ్మగారి దగ్గర 1,800 యెన్లు తీసుకోవడం సరైన పని కాదని, అందుచేత ఆమె టికెట్టు తాను అమ్మనని ఆ అమ్మాయి చెప్పింది. ఐదు రోజులకు 9,000 యెన్లు హోటల్‌కు రావలసినవి. మేము ఏమీ అడగలేదు, మాకు ఏమీ తెలియదు, తెలియక అమ్మ అదంతా తినేసి ఉండేది. ఆ అమ్మాయి అంతటితో ఆగలేదు. హోటల్ కార్డు ఒకటి తీసి, వెనక వైపు నీలం సిరాతో చిన్న అక్షరాలు పేర్చినట్టు రాసింది. మాంసం, చేప, రొయ్య, గుడ్డు తినరు అని మొదటి వరుస. చేపతో కాచిన దాషి కూడా పనికిరాదు అని రెండో వరుస, దాని కింద రెండు గీతలు. అన్నం, కూరగాయలు, పప్పులు, పాలు, పెరుగు, పండ్లు తింటారు అని మూడో వరుస. దాన్ని రెండు చేతులతో అమ్మకే అందించింది. స్టేషను నుంచి మూతి ముడుచుకొని ఉన్న అమ్మ, లిఫ్టు ఎక్కాక మొదటిసారి మాట్లాడింది. “ఆ పిల్ల చల్లగా ఉండాలిరా,” అన్నది.

ఆ కార్డు ఐదు రోజులూ అమ్మ చేతిసంచిలోనే ఉంది. దాన్ని చూపిస్తే మొదటి రెండు భోజనశాలల వారు చదివి, రెండు చేతులూ అడ్డంగా పెట్టి కుదరదని సైగ చేశారు. మన రూపం చూసి కాదంటున్నారేమోనని నా భార్య నొచ్చుకుంది గానీ, అది నిజాయితీతో చెప్పిన మాటే. తెలిసీ పెట్టలేక వద్దన్నారు. మూడోది సోబా నూడుల్స్ దుకాణం. ఉత్తరాదివారు ఉపవాసాల్లో వాడే కుట్టు పిండి లాంటి పిండితో చేసే నూడుల్స్ అవి. వాటిని ముంచుకునే పులుసులో దాషి ఉంటుంది. అక్కడి పెద్దాయన కార్డు చదివి, పులుసు గిన్నె తీసివేసి, ఉడికించిన నూడుల్స్ పళ్లెంలో పరిచి, పక్కన ఉప్పు, తరిగిన ఉల్లికాడలు, నూడుల్స్ ఉడికిన వేడినీళ్లు చిన్న కూజాలో పోసి తెచ్చాడు. ధర 900 యెన్లు. ఉత్త ఉప్పుతో తినే ఆ నూడుల్స్‌లో గింజ వాసన తెలిసింది. ఈ ప్రయాణంలో నేను తిన్న వాటిలో దాన్నే మొదట చెబుతాను. అమ్మ గంజి తాగినట్టు ఆ వేడినీళ్లు కూడా తాగింది.

మిగతా పూటలు ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే చిన్న దుకాణాల మీద గడిచాయి. ఉప్పు మాత్రమే కలిపిన అన్నం ముద్ద 150 యెన్ల లోపు దొరుకుతుంది. ఊరవేసిన పుల్లపండు పెట్టిన ముద్ద చూడడానికి శాకాహారంలా ఉన్నా, అన్నిటినీ నమ్మకూడదు. కార్డు చూపించగానే దుకాణంలోని కుర్రవాడు పొట్లం వెనక చిన్న అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కో పదమూ చదివి, చేపసారం అన్న చోట ఆగి తల అడ్డంగా ఊపాడు. అసాకుసలో అమ్మకు నిర్భయంగా దొరికినవి రెండు మిఠాయిలు. ఒకటి చిలగడదుంపను ఉడికించి, పంచదార, కాస్త ఉప్పు కలిపి ఇటుకల్లా కోసే ఇమో యోకాన్. దానికి పేరుపడిన ఫునావా దుకాణం 1902 నుంచి ఇక్కడే ఉంది. రెండోది కమినారి ఒకోషి, అచ్చం మన మరమరాల అచ్చే. ఒకరోజు ఉయెనో పక్కనున్న ఒకాచిమాచికి వెళ్లి, భారతీయ నగల వ్యాపారులు తిరిగే వీధుల్లోని పూర్తి శాకాహార భోజనశాలలో కడుపునిండా తిన్నాము. ముగ్గురికి 4,200 యెన్లయింది. ఉయెనోకు వెళ్లే గింజా మార్గం ఆసియాలోనే మొదటి భూగర్భ రైలు. 1927లో అసాకుస, ఉయెనోల మధ్యనే మొదలైంది. టికెట్టు 180 యెన్లు. పాత స్టేషను కనుక మెట్లు ఎక్కువ. పెద్దవారు వెంట ఉంటే లిఫ్టు ఉన్న ద్వారం ఎక్కడుందో ముందే చూసుకోవాలి.

సెన్సోజి ఆలయానికి పగలు వెళ్లవద్దని గట్టిగా చెబుతాను. కమినారిమోన్ ద్వారం కింద 3.9 మీటర్ల ఎర్ర లాంతరు దగ్గర నుంచి పావు కిలోమీటరు పొడవున్న నకమిసె దుకాణాల వీధి వరకు పగటిపూట అడుగు తీసి అడుగు వేయలేము. చలికాలంలో గర్భగుడి తలుపులు ఉదయం ఆరున్నరకు తీస్తారు. మేము ఆ వేళకు వెళ్లాము. దుకాణాల ఇనుప తలుపులు మూసి ఉండబట్టి వాటి మీద గీసిన పాత అసాకుస బొమ్మలన్నీ కనిపించాయి. 628లో సుమిద నదిలో ఇద్దరు జాలరి సోదరుల వలలో పడిన కన్నోన్ విగ్రహంతో ఈ గుడి మొదలైందని స్థలపురాణం. కన్నోన్ అంటే అవలోకితేశ్వరుడే. 1945 మార్చి 10 నాటి బాంబుదాడిలో పాత గుడి కాలిపోగా ఇప్పుడున్నది 1958లో కట్టినది. ఆవరణలోని గింకో చెట్టు మాను మీద ఆనాటి కాలిన నల్లని మచ్చ ఇంకా ఉంది. అమ్మ దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. నా భార్య 100 యెన్లు వేసి జోస్యం చీటీ తీస్తే కీడు అని వచ్చింది. ఇక్కడ వంద చీటీల్లో ముప్పై కీడువేనట. చీటీని అక్కడి కమ్మీకి కట్టి వచ్చినా ఆ పూటంతా ఆమె ముభావంగానే ఉంది.

వంటసామాను వీధి కప్పాబషి మా హోటల్ వెనకే ఉంది. ఒక కూరగాయల కత్తి 11,000 యెన్లకు కొన్నాము. ఉయెనో కొలను మధ్యనున్న బెంతెన్ గుడిలో మన సరస్వతికి దండం పెట్టుకున్నాము.

నాలుగో రోజున సెన్సోజి నుంచి పది నిమిషాలు నడిచి, నది పక్క చిన్న గుట్ట మీదున్న మత్సుచియామా షోదెన్‌కు వెళ్లాము. పర్యాటకులు దాదాపు లేరు. గుట్ట ఎక్కలేనివారికి చిన్న బండి కూడా పెట్టారు. ఇక్కడి దేవుడు కంగితెన్, అంటే జపాన్ వెళ్లిన మన వినాయకుడు. మూలవిగ్రహాన్ని ఎవరికీ చూపరు. ఏనుగు ముఖం కోసం అమ్మ ఎంత వెతికినా కనబడలేదు గానీ, మెట్ల మీద, రాతి స్తంభాల మీద, దీపాల మీద ఎక్కడ చూసినా జంట ముల్లంగులు, డబ్బు సంచి చెక్కి ఉన్నాయి. ఈ స్వామికి నైవేద్యం ముల్లంగి. మనిషిలోని కోపమనే విషానికి అది గుర్తు అనీ, దాన్ని స్వామికి అర్పిస్తే మనసు శుభ్రపడుతుందనీ వీరి నమ్మకం. గుడిలోనే అమ్మే ముల్లంగిని కొని ఇచ్చాము. అర్పించినవాటిలో కొన్నిటిని భక్తులు తీసుకువెళ్లడానికి ప్రసాదంగా బయట పెడతారు. అమ్మ మోచేయంత పొడవున్న ముల్లంగిని ఎంచుకొని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు చేతుల మీద మోసుకుంటూ హోటల్ దాకా నడిచింది. మోకాళ్ల ప్రస్తావన రాలేదు.

ఆ హోటల్ గదిలో నీళ్లు కాచే కెటిలు తప్ప ఏమీ లేదు. కొత్త కత్తిని పొట్లం విప్పకుండానే ఇంటికి తీసుకెళ్లాలనుకున్నాము. కౌంటరులోని అమ్మాయిని కత్తి అడిగితే అతిథులకు ఇవ్వరాదని చెప్పి, ముల్లంగిని తానే తీసుకువెళ్లింది. పావుగంటలో తొక్క తీసి, చక్రాల్లా సమంగా కోసి, పళ్లెంలో వరుసగా పేర్చి తెచ్చింది. మేము తెచ్చుకున్న ఉప్పూ కారం అద్దుకొని, దుకాణంలో కొన్న పెరుగుతో, వేడిచేయించిన అన్నం డబ్బాలతో ముగ్గురం మంచం మీదే భోంచేశాము. అమ్మ రెండోసారి అన్నం అడిగింది. జపాన్‌లో అదే మొదటిసారి.

బయలుదేరే ముందే పెట్టెలను తక్యూబిన్ అనే సామాను చేరవేసే సేవ ద్వారా హోటల్ నుంచే విమానాశ్రయానికి పంపించాము. రెండింటికీ 5,000 చిల్లర యెన్లయింది. వచ్చిన రోజు పడిన పాట్లు పడకుండా ఉండడానికి అది ఎక్కువ కాదు. ఖాళీ చేసే ఉదయం అమ్మ, ఇంటి నుంచి చేసి తెచ్చిన చేగోడీల్లో మిగిలిన పొట్లం తీసుకెళ్లి ఆ అమ్మాయికి ఇచ్చింది. ఆమె రెండు చేతులతో అందుకొని, అలవాటుగా పొట్లం వెనక్కి తిప్పింది. అక్కడ ఏమీ రాసి లేదు. నేను కౌంటరు మీది హోటల్ కార్డు ఒకటి తీసుకొని, బియ్యప్పిండి, పెసరపప్పు, నువ్వులు, వాము, కారం, ఉప్పు, నూనె అని ఫోనులో జపనీస్ చూసుకుంటూ వెనక వైపు రాసి ఇచ్చాను. ఆమె ఒక్కో పదమూ వేలితో చూపిస్తూ పైకి చదివింది. చివరి పదం దగ్గర తల పైకెత్తి, అన్నీ తినగలనని అమ్మతో చెప్పింది.