బధిరులకు మానసిక చికిత్స: ఒక కౌన్సెలింగ్ కేంద్రంపై నా సమీక్ష

పుట్టుకతోనే వినికిడి లేని నేను నిద్రలేమి, ఎడతెగని ఆందోళన కారణంగా కొంతకాలంగా ఒక కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్తున్నాను. అక్కడి సైకాలజిస్టు పనితీరు నాకెంతో సంతృప్తినిచ్చింది. కేంద్రం నిర్వహణ మాత్రం ఆమె స్థాయికి తగినట్లు లేదు.

మా మాటలను సంజ్ఞాభాషలోకి, సంజ్ఞలను మాటల్లోకి మార్చే దుబాసీని ఆమె తన పక్కనే, కాస్త వెనక్కి కూర్చోబెట్టుకున్నారు. అందువల్ల సంజ్ఞలను, ఆమె ముఖంలోని భావాలను నేను ఒకే చూపులో గమనించగలిగాను. ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఆమె నా వైపే చూశారు తప్ప, దుబాసీ వైపు తిరిగి "ఆయనను అడగండి" అనలేదు. కుటుంబసభ్యులను దుబాసీలుగా ఒప్పుకోకపోవడం నాకు మరింత నచ్చింది, ఎందుకంటే ఇంటివాళ్ల ముందు చెప్పుకోలేని మాటలే చాలాసార్లు చికిత్సకు ఆధారమవుతాయి. కుంగుబాటును అంచనా వేసే ప్రశ్నావళిని నా చేతికిచ్చి నింపమనకుండా, ఒక్కొక్క ప్రశ్నను సంజ్ఞాభాషలో వివరింపజేశారు. సంజ్ఞాభాషే మొదటి భాష అయినవారికి రాతభాష రెండో భాష అవుతుందని ఎందరు నిపుణులు గుర్తిస్తారు? పైగా నా ఆందోళననంతా వినికిడి లోపానికే అంటగట్టకుండా, ఉద్యోగంలోని ఒత్తిడి గురించి ఓపికగా ఆరా తీశారు.

ఇక లోపాల విషయానికి వస్తే, అపాయింట్‌మెంటు ఫోన్‌లో మాట్లాడే తీసుకోవాలి. వేచివుండే గదిలో పేర్లు నోటితోనే పిలుస్తారు. వికలాంగులకు ఇతరులతో సమానమైన నాణ్యత గల ఆరోగ్యసేవలు అందాలని, 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 25వ అధికరణం చెబుతోంది. సందేశం పంపి అపాయింట్‌మెంటు తీసుకునే వీలు, టోకెన్ నంబర్లు చూపే తెర ఏర్పాటు చేస్తే, ఈ కేంద్రాన్ని నా బధిర మిత్రులందరికీ నిస్సంకోచంగా సూచిస్తాను.