మాంట్గొమరీ, సెల్మా: అలబామా చరిత్రలో రెండు నడకలు

అమెరికా దక్షిణాది రాష్ట్రమైన అలబామాలో నల్లజాతీయుల హక్కుల పోరాటం అనగానే మాంట్గొమరీ బస్సుల బహిష్కరణ, సెల్మా పాదయాత్ర గుర్తుకు వస్తాయి. మొదటిదానిలో నాకు కనిపించేది ఓర్పు. 1955 డిసెంబరు 1న బస్సులో తెల్లజాతి ప్రయాణికుడికి సీటు ఇవ్వనన్నందుకు నల్లజాతి స్త్రీ రోసా పార్క్స్ అరెస్టయిన రాత్రే, కళాశాల అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్ తెల్లవార్లూ మేలుకుని, బస్సులెక్కవద్దంటూ వేల కరపత్రాలు తీయించారు. ఆ తరువాత 381 రోజులపాటు, ఇళ్లలో వంటపని, పాచిపని చేసే స్త్రీలు సైతం ఖాళీ బస్సులు పక్కనుంచి వెళుతుంటే నడిచో, తోటివారి కార్లలో సర్దుకునో పనికి వెళ్లారు. అయితే బస్సుల్లో నల్లవారిని వేరుగా కూర్చోబెట్టే జాతి వేర్పాటును రద్దు చేసింది న్యాయస్థానమే.

సెల్మా ఇందుకు భిన్నం. అక్కడ కోరినది ఓటు, దెబ్బలు తిన్నది కెమెరాల ఎదుట. 1965 మార్చి 7న మాంట్గొమరీకి పాదయాత్రగా బయలుదేరి ఊరి చివరి ఎడ్మండ్ పెటస్ వంతెన దాటిన సుమారు 600 మందిని పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చెదరగొట్టగా, యాత్ర ముందు నడిచిన యువ నాయకుడు జాన్ లూయిస్ పుర్రె చిట్లింది. ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. ఫలితం త్వరగా దక్కింది గనుక సెల్మాయే గొప్పదనిపించవచ్చు గాని, మాంట్గొమరీలో ఏడాదికి పైగా సాగిన ఆ రోజువారీ నడకకే నేను పెద్దపీట వేస్తాను. సెల్మా నుంచి మళ్లీ బయలుదేరి 1965 మార్చి 25న మాంట్గొమరీ చేరిన పాదయాత్రలో రోసా పార్క్స్ కూడా ఉన్నారు.