పది రోజుల పరుగుకు తోడొచ్చిన బండి: ఒక సేవపై సమీక్ష

గత డిసెంబరులో నేను మంగళూరు పక్కనున్న పణంబూర్ సముద్రతీరం నుంచి ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న నంగలి వరకు, అంటే కర్ణాటకను పడమటి అంచు నుంచి తూర్పు అంచు దాకా, పది రోజుల్లో పరుగూ నడకా కలిపి దాటాను. దారి పొడవు సుమారు 470 కిలోమీటర్లు. ఈ పది రోజులూ బండితో నా వెంట ఉండి నీళ్లు, తిండి, మందులు, బస చూసుకున్నది బెంగళూరు కృష్ణరాజపురం వైపు నివసించే, పలమనేరు ప్రాంతం నుంచి వచ్చిన ఒక తెలుగు దంపతుల జంట. ఆయన డ్రైవరు, ఆమె పెళ్లికి ముందు ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సుగా పనిచేశారు. ఒక్క బండితో, నెలకు ఒక్క పని మాత్రమే ఒప్పుకుంటారు కనుక పేరు, ఫోను నంబరు ఎక్కడా రాయవద్దని వారే కోరారు. అయినా ఈ సమీక్ష రాయడానికి కారణం ఉంది: దూరపు పరుగులకు తోడు బండి కుదుర్చుకునే మనవాళ్లు బెంగళూరులో పెరుగుతున్నారు, ఎవరిని కుదుర్చుకున్నా ఏమి చూడాలో, ఏమి అడగాలో తెలిసి ఉండాలి. అది నాకు రోడ్డు మీదకు వెళ్లిన తరువాతనే తెలిసింది.

ఇటువంటి పరుగుకు తోడు తీసుకోవడం సరైనదేనా అన్న ప్రశ్న పరుగు మిత్రుల మధ్య తరచూ వస్తుంది. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రాన్ని అడ్డంగా దాటే వోల్ స్టేట్ అనే పందెం ఉంది. జులై నెల ఎండలో 314 మైళ్లు, అంటే సుమారు 505 కిలోమీటర్లు, పది రోజుల గడువులో పూర్తి చేయాలి. అందులో తోడు బండితో వెళ్లేవారిని ఒక విభాగంగా, ఏ తోడూ లేకుండా దారిలో దొరికినది తిని, దొరికిన చోట పడుకుని వెళ్లేవారిని మరొక విభాగంగా లెక్కిస్తారు. రెండవ విభాగం వారిపై నాకు అపారమైన గౌరవం ఉంది. కానీ పడమటి కనుమలను ఎక్కే శిరాడి ఘాట్ వంటి రోడ్డు మీద, తెల్లవారుజామున నాలుగున్నరకు, నా వంటి నలభై ఆరేళ్ల ఆడమనిషిని ఒంటరిగా పరుగెత్తమని నేను ఎవరికీ చెప్పను. జాతీయ రహదారి మీద ఆడవారికి మూత్రశాల దొరకడమే గగనం. బండిలో మరొక స్త్రీ ఉండటం, ఒక మడత గుడారం ఉండటం, దానిని ఎక్కడ వేయాలో ఆమె ముందుగానే చూసి ఉంచడం, ఈ మూడింటి వల్లనే నేను దాహాన్ని అణచుకోకుండా నీళ్లు తాగగలిగాను. మూత్రానికి వెళ్లవలసి వస్తుందని నీళ్లు తాగడం మానేసిన ఆడవారిని నేను మారథాన్లలోనే ఎందరినో చూశాను. పది రోజుల పరుగులో ఆ అలవాటు మూత్రపిండాలకు ప్రమాదం.

వారి పని పద్ధతి ఇది. ప్రతి నాలుగు కిలోమీటర్లకు బండి ఆగి ఉంటుంది, ఎండ ముదిరిన తరువాత రెండు కిలోమీటర్లకే ఆగుతుంది. ఆగే చోటు నీడలోనే ఉండాలి, మలుపు మీద ఉండకూడదు. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి పరుగెత్తేవారు కుడి అంచున, ఎదురుగా వచ్చే బండ్లు కనబడేటట్లు వెళ్లడం క్షేమం. దీనివల్ల తోడు బండి ఎప్పుడూ రోడ్డుకు అవతలి పక్కన ఉంటుంది. హాసన్ దాటిన తరువాత మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్డు వచ్చినప్పుడు ఈ ఇబ్బంది మరీ పెరుగుతుంది. ఆయన బండిని అటు ఆపి, రెండు సీసాలూ ఒక గిన్నే పట్టుకుని తానే రోడ్డు దాటి నా వైపుకు వచ్చేవారు. పది రోజుల్లో ఒక్కసారి కూడా నన్ను దాటి రమ్మనలేదు. అలసిన మనిషి ఎదురుగా వచ్చే లారీ వేగాన్ని సరిగా అంచనా వేయలేడన్నది ఆయన చెప్పిన కారణం. ఈ ఒక్క నియమం చాలు, వారి సేవను మంచి సేవ అనడానికి.

తిండి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మొదటి రోజు మధ్యాహ్నం, మంగళూరు ఉక్కపోతలో, ఆమె ఎంతో ఆప్యాయంగా రాగి సంగటి, పప్పు పెట్టారు. అది నా కడుపులో రాయిలా కూర్చుంది, తరువాతి రెండు గంటలూ నడకే అయింది. ఆమె నన్నేమీ అనకుండా మరుసటి రోజు నుంచి సంగటిని రాత్రికి మార్చి, పగలు పలుచని రాగి జావ మజ్జిగతో కలిపి, అర గ్లాసు చొప్పున గంటకొకసారి ఇచ్చారు. ఉదయం తొమ్మిదికి ఉప్మా లేదా ఇడ్లీ, పన్నెండింటికి పెరుగన్నంలో మాగాయ ముక్క, మధ్యలో అరటిపండు, బెల్లం వేసిన వేరుశనగ చిక్కి. దుకాణాల్లో దొరికే తీపి జెల్ పొట్లాలు నేను ఇరవై తీసుకువెళ్లి పదిహేడు తిరిగి తెచ్చాను. మూడవ రోజు తరువాత నాలుక తీపిని ఒప్పుకోదు, ఉప్పునూ పులుపునూ అడుగుతుంది. ఈ సంగతి నాకు వారు చెప్పలేదు, వారి గిన్నెలు చెప్పాయి.

నీళ్ల విషయంలో ఆమె నర్సు అనుభవం స్పష్టంగా కనబడింది. చెమటతో ఉప్పు పోతూ ఉంటే వట్టి నీళ్లు మాత్రమే అతిగా తాగితే రక్తంలో సోడియం పలుచబడి, వాంతులు, తల తిరగడం, మరీ ముదిరితే స్పృహ తప్పడం వరకు వెళుతుంది. అందుకని ఆమె ఒక సీసా వట్టి నీళ్లకు ఒక సీసా ఓఆర్ఎస్ చొప్పున ఇచ్చేవారు, అదికూడా దాహం వేసినప్పుడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, వాటితో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉండే పొడి అది. మందుల దుకాణంలో చవకగా దొరుకుతుంది. దానికి బదులుగా రంగురంగుల డబ్బాల్లో అమ్మే క్రీడా పానీయాలకు నేను ఇన్నేళ్లూ ఖర్చు పెట్టిన డబ్బు తలచుకుంటే బాధ కలిగింది. ప్రతి విరామంలో ఆమె మొదటి ప్రశ్న ఒకటే: “అక్కా, మూత్రం రంగు ఎట్లుంది?” రెండు రోజులు సిగ్గుపడ్డాను. మూడవ రోజు నుంచి అడగకముందే చెప్పడం అలవాటైంది. ముదురు గోధుమ రంగు కనబడితే కండరాలు చితికి వాటి వ్యర్థం మూత్రపిండాలకు చేరుతున్నదని అర్థం, అప్పుడు పరుగు కాదు, ఆసుపత్రి అవసరమని ఆమె మొదటి రోజే స్పష్టంగా చెప్పారు.

శిరాడి ఘాట్ రోజు వారి సేవకు అసలైన పరీక్ష. గుండ్య దాటగానే అడవి కమ్ముకుంటుంది, రోడ్డు సముద్రమట్టానికి సుమారు 950 మీటర్ల ఎత్తున ఉన్న సకలేశపుర దిశగా ఎక్కుతూ పోతుంది. వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడి ఈ రోడ్డు మూతబడటం మామూలు, అందుకే డిసెంబరు ఎంచుకున్నాము. గ్యాస్ ట్యాంకర్లు, కంటైనర్ లారీలు వరుసగా వచ్చే ఆ దారిలో ఆయన బండిని నా ముందు కాక, ప్రతి మలుపుకూ అవతల వెడల్పుగా ఉన్న చోట ఆపి, మెరిసే చొక్కా వేసుకుని మలుపు దగ్గర తానే నిలబడ్డారు. ఆ రోజు నేను చాలావరకు నడిచాను. సకలేశపుర దగ్గర హేమావతి నది వంతెనకు చేరేసరికి సాయంత్రం నాలుగయింది, కాఫీ తోటల చల్లదనం ఒంటికి తగిలినప్పుడు ఏడ్చాను, దానికి నాకు ఏ కారణమూ తోచలేదు. వారు ఇద్దరూ ఏమీ అడగలేదు. ఆమె నా మేజోళ్లు విప్పి పాదాలు చూడటం మొదలుపెట్టారు.

పాదాల సంరక్షణలో వీరికి సాటి రాగలవారిని నేను చూడలేదు. పొక్కు రావడానికి తడి, వేడి, రాపిడి మూడూ కలవాలి కాబట్టి, వాటిలో కనీసం ఒకటి తీసివేయడమే వారి పద్ధతి. ప్రతి మూడు గంటలకు మేజోళ్లు మార్చడం, పాదాలు ఆరబెట్టడం, ఎర్రబడిన చోట పొక్కు లేవకముందే టేపు అంటించడం. లేచిన పొక్కును శుభ్రం చేసిన సూదితో అంచు దగ్గర గుచ్చి నీరు తీసేవారు, పైచర్మాన్ని మాత్రం కత్తిరించనివ్వలేదు. రోజుల తరబడి పరుగెత్తితే పాదాలు ఉబ్బుతాయి కనుక ఒక సైజు పెద్ద బూట్లు తెమ్మని ముందే చెప్పారు, అవి ఐదవ రోజు నుంచి అవసరపడ్డాయి. అదే ఐదవ రోజు కుడి చీలమండ ముందు భాగంలో మంట మొదలైంది. రోడ్డు అంచు వైపు వాలి ఉంటుంది, రోజంతా ఒకే వాలు మీద పరుగెత్తడం వల్ల ఒక కాలి మీద భారం ఎక్కువవుతుంది. నేను నొప్పి మాత్ర అడిగాను. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఐబుప్రోఫెన్ జాతి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయని ఆమె ఇవ్వలేదు. బూటు లేసును చీలమండ మీద నొక్కుతున్న రంధ్రం వదిలి మళ్లీ కట్టి, మంచు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టారు. మరుసటి రోజు మధ్యాహ్నానికి మంట సగానికి తగ్గింది.

చన్నరాయపట్టణ దాటి హిరీసావె చేరువలో, ఆ రోజు లెక్కకు ఇంకా ఆరు కిలోమీటర్లు మిగిలి ఉండగా, ఆయన బండి దిగి వచ్చి “ఈ పొద్దుకు చాలు అక్కా, బండెక్కండి. రేపు ఇక్కడి నుంచే మొదలుపెడదాము” అన్నారు. నాకు కోపం వచ్చింది, వాదించాను. ఆయన అప్పటికే రోడ్డు పక్కన సున్నంతో గీత గీసి, దానికి ఫొటో తీసుకుని ఉన్నారు. ఆ రాత్రి నేను తొమ్మిది గంటలు నిద్రపోయాను. 1983లో సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వరకు 875 కిలోమీటర్ల పందెంలో మిగిలినవారు పడుకున్న వేళల్లో కూడా సాగిపోయి గెలిచిన 61 ఏళ్ల రైతు క్లిఫ్ యంగ్ కథను పరుగువారు అందరూ చెప్పుకుంటారు, నేనూ చెప్పుకున్నాను. కానీ అది ఆయన ఒంటికి చెల్లింది. నా ఒంటికి ఏది చెల్లుతుందో ఐదు రోజుల్లో నాకంటే బాగా కనిపెట్టి, డబ్బిచ్చే మనిషికి ఎదురు చెప్పగల తోడు దొరకడం నా అదృష్టం. తోడు బండి కుదుర్చుకునేవారు అడగవలసిన మొదటి ప్రశ్న అద్దె ఎంత అన్నది కాదు, నన్ను ఎప్పుడు ఆపుతారు అన్నది.

లోపాలు కూడా చెప్పాలి, వాటిలో ఒకటి చిన్నది కాదు. ఎనిమిదవ రోజు నెలమంగల నుంచి బెంగళూరులోకి వచ్చేటప్పుడు పీణ్యా దగ్గర బండి రద్దీలో ఇరుక్కుపోయి గంటా ఇరవై నిమిషాలు నాకు కనబడలేదు. నా సీసా ఖాళీ, ఫోను బండిలో ఉంది. కాలి వేగం బండి వేగాన్ని మించే నగరానికి వారి దగ్గర వేరే ఉపాయం లేదు. ఒక కొబ్బరి బోండాల ఆవిడ అప్పుగా ఇచ్చిన రెండు బోండాలతో గట్టెక్కాను. రెండవది, దారిలో ఏ ఊరిలో ఏ ఆసుపత్రికి వెళ్లాలన్నది వారి మనసులో ఉందే తప్ప కాగితం మీద లేదు. వారిద్దరికే తెలిసిన సంగతి వారిలో ఒకరు పడకేస్తే ఎవరికి ఉపయోగపడుతుంది? రాతపూర్వకమైన ఒప్పందం కూడా లేదు. కుణిగల్ దగ్గర బస చేసిన లాడ్జి రోడ్డును ఆనుకొని ఉండటంతో లారీ హారన్ల మధ్య ఆ రాత్రి నిద్ర చెడింది. గదిని ముందుగా ఒకసారి చూసి ఉంటే సరిపోయేది.

రోజుకు 6,500 రూపాయలు, డీజిల్, టోల్, లాడ్జి వేరు. మొత్తం లక్ష దాటింది. బ్యాంకు ఉద్యోగినిగా నాకు అది పెద్ద మొత్తమే, అయినా ఎక్కువ అనిపించలేదు.

హొసకోటె దాటిన తరువాత టీ కొట్ల దగ్గర తెలుగు వినబడసాగింది, కోలార్ దాటాక ఇంకా ఎక్కువ. ములబాగిలులో దోసె తినాలన్న నా కోరికను ఆమె పదవ రోజు ఉదయం ఒప్పుకున్నారు, నెయ్యి తగ్గించమని మాత్రం కొట్టువాడికి గట్టిగా చెప్పారు. నంగలి చేరిన మధ్యాహ్నం నేను లోపాలన్నీ ఒక కాగితం మీద రాసి వారికి ఇచ్చాను. రెండు వారాల తరువాత ఆయన ఫోను చేసి, ఆసుపత్రుల పట్టిక ఊరి వారీగా రాయించామని, నగరాల్లో నా పక్కన రావడానికి బండి వెనుక ఒక పాత సైకిలు కట్టించామని చెప్పారు. ఉత్తరాన బీదర్ నుంచి దక్షిణాన చామరాజనగర్ వరకు వెళ్లాలన్న ఆలోచన చెప్పి, వచ్చే డిసెంబరుకు బయానా పంపాను.