తూము తెరిచాకే పిట్టలు: పాకాల, రామప్ప, లక్నవరం ఒడ్డున

సముద్రం ఒడ్డున పిట్టలు చూసేవాళ్లు ముందు ఆటుపోట్ల వేళలు చూసుకుంటారు. మన వరంగల్ వైపు పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల్లో ఆ పని తూము చేస్తుంది. చెరువులో నీళ్లు ఎంత దిగాయో తెలియకుండా కెమెరా సర్దుకోవడం దండగ.

నిండి మత్తడి (అలుగు) దుంకుతున్న చెరువు చూడ్డానికి బాగుంటుంది, పిట్టలకు అంత పనికిరాదు. నీళ్లు కట్టను తాకుతుంటే ఉల్లంకులు కాలు పెట్టడానికి బురదే దొరకదు. బాతులు నడి చెరువులో చుక్కల్లా కనిపిస్తాయి. అప్పుడు ఏదైనా ఫొటో దొరికితే మత్తడి దగ్గరే. కొట్టుకొచ్చే చేపపిల్లల కోసం తెల్లకొంగలు, లకుముకి పిట్టలు అక్కడ కాపు కాస్తాయి. యాసంగి నాట్లకు నీళ్లు వదిలాక శిఖం, అంటే చెరువు లోపలి నేల, కొంచెం కొంచెంగా బయటపడుతుంది. జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా బురదా ఉంటుంది, వలస వచ్చినవీ ఉంటాయి. మార్చిలో బురద ఇంకా ఎక్కువే కానీ బాతులు తిరుగుముఖం పడతాయి. ముందురోజు ఊళ్లో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి ‘తూము ఇడిసిన్రా?’ అని ఒక్క మాట అడిగితే చాలు.

మూడింటిలో పాకాల పెద్దది. నర్సంపేట దాటి సుమారు 12 కిలోమీటర్లు, చుట్టూ అభయారణ్యం. నీటి పిట్టలు, అడవి పిట్టలు ఒకే పొద్దున దొరకడం దీని గొప్ప. చిక్కల్లా దాని విస్తీర్ణమే: 400 ఎంఎం లెన్స్‌తో నడి చెరువులోని బాతును తీస్తే ఫ్రేములో గింజంత వస్తుంది. ఇక్కడికి 8x42 బైనాక్యులర్, వీలుంటే 20–60 రెట్ల స్పాటింగ్ స్కోప్ తెచ్చుకోవాలి. చూడ్డానికి పాకాల, తీయడానికి రామప్ప అని పెట్టుకుంటే నిరాశ తగ్గుతుంది.

పాకాలలో ఇంకో జాగ్రత్త ఉంది. నీటి పిట్టల ఫొటోకి నేల మీద బోర్లా పడుకుని కంటి ఎత్తులో తీయాలన్నది అందరూ చెప్పే పాఠం. ఈ చెరువులో మొసళ్లున్నాయి. నీటి అంచు నుంచి కనీసం పది మీటర్లు వెనక్కి, కొంచెం ఎత్తున కూర్చోవాలి. ఆ కోణంలో నేపథ్యం కాస్త పాడవుతుంది, పాడవనివ్వండి. డ్రోన్ అనుమతి లేకుండా అసలే వద్దు.

రామప్ప చెరువు దీనికంటే చిన్నది, పిట్టలు దగ్గరగా వస్తాయి. పాలంపేట గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, అయినా వాళ్ల చూపు గుడి మీదే. కట్ట కింద పొలాల వైపు తీగల మీద పాలపిట్టలు కూర్చుంటాయి. నత్తగుల్ల కొంగ కొత్తవాళ్లకు మంచి గురువు. నత్తల కోసం ఒకేచోట అరగంట తిరుగుతుంది, తొందరపెట్టదు.

బసకు లక్నవరం, పిట్టలకు మూడో స్థానం. పొద్దెక్కాక బోట్లు మొదలైతే నీటి మీద ఏదీ నిలవదు, ఆదివారమైతే మరీను. దీవి మీద టూరిజం కాటేజీలో రాత్రి ఉంటేనే పొద్దున ఆరున్నర నుంచి బోట్లు దిగేదాకా ఉన్న వేళ మీకు దక్కుతుంది. వేలాడే వంతెన మీద ట్రైపాడ్ వేయకండి. ఎవరు నడిచినా వంతెన ఊగుతుంది. చేత్తో పట్టుకుని షట్టర్ వేగం 1/1600కు తగ్గకుండా తీయడమే మేలు. మేడారం జాతర ఉన్న ఏడాది మాఘ పౌర్ణమికి అటూ ఇటూ ములుగు, తాడ్వాయి దారి వైపే చూడొద్దు. గది దొరకదు, దొరికినా చేరలేరు.

ఒక్క రోజులో మూడూ చూద్దామనుకుంటే ఏదీ దక్కదు. హనుమకొండలో నాలుగున్నరకు బయల్దేరితే ఆరు, ఆరుంపావుకు పాకాల కట్ట మీద ఉంటారు, జనవరిలో పొద్దు పొడిచేది దాదాపు 6:45కి. తొమ్మిదిన్నర దాకా నీటి పిట్టలు, పదకొండు దాకా అడవి అంచు, నర్సంపేటలో భోజనం, మల్లంపల్లి మీదుగా మూడింటికి రామప్ప. నర్సంపేట దాకా బస్సులు దండిగానే ఉన్నా ఆ వేళకు ఆటో నమ్ముకోలేం, సొంత బండి కావాలి. టిఫిన్ హోటళ్లూ అప్పటికి తెరవరు.

ఫొటోలు చెడేది ఎక్కువగా మూడుచోట్ల. ఏసీ కారులోంచి తీసిన లెన్స్ మీద ఆవిరి పడుతుంది. చెరువుకు చేరే ముందే ఏసీ కట్టేసి, దిగాక బ్యాగు మూసే ఉంచి ఇరవై నిమిషాలు ఆగాలి. తొమ్మిదిన్నర దాటాక నీటి మీద వేడిగాలి లేస్తుంది. దూరపు పిట్ట ఎంత ఖరీదైన లెన్స్‌కైనా మసగ్గానే వస్తుంది, అది ఫోకస్ లోపం అనుకుని సెట్టింగులు కెలకొద్దు. మూడోది ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్: నల్లటి నీటి ముందు తెల్లకొంగకు −0.7 నుంచి −1, మెరిసే నీటి ముందు రెక్కలారబెట్టుకునే నీటికాకికి +0.7. ఎగిరేవాటికి 1/2000, కూర్చున్నవాటికి తెల్లవారుజామున 1/500 సరిపోతుంది, ఐఎస్ఓ ఊరికే పెంచక్కర్లేదు.

లెన్స్ ఆనించుకునే బీన్ బ్యాగు ఖాళీగా తీసుకెళ్లి నర్సంపేటలో రెండు కిలోల మక్కలు పోసుకోండి. బియ్యం కన్నా తేలిక్కాదు గానీ తేమకు ముద్దకట్టవు. వచ్చేటప్పుడు ఎవరి కోళ్లకైనా వేయొచ్చు.

శిఖంలో నడిచేటప్పుడు బర్రెలు తొక్కిన దారి వదలొద్దు. పైన ఎండి పగుళ్లు వారిన చోట కూడా కింద మోకాలి లోతు బురద ఉంటుంది. చేపలు పట్టేవాళ్లు వల లాగే వేళ ముందే అడిగి తెలుసుకుంటే పిట్టలు ఎటు లేస్తాయో అర్థమవుతుంది. వాళ్ల థర్మాకోల్ తెప్ప ఎక్కి దగ్గరికెళ్లాలనే ఆశ మాత్రం మానుకోవాలి. ఒకసారి లేచిన చిలువ బాతుల గుంపు మళ్లీ ఆ ఒడ్డుకు సులువుగా దిగదు.

ఏప్రిల్, మే నెలల్లో ఎవరైనా పిలిస్తే కట్ట మీదే ఉండిపోండి. ఆ రోజుల్లో తీతువులు ఆరిన ఒడ్డున నేల మీదే గుడ్లు పెడతాయి. రాళ్లలో కలిసిపోయి అడుగు దూరంలోనూ కనిపించవు. తీతువు అరుస్తూ తల మీద తిరుగుతుంటే అది ఫొటోకు అదను కాదు, గుడ్లు మీ కాళ్ల దగ్గర్లోనే ఉన్నాయని. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రావాలి.