మొదటి పికలో: యమహా వైపీసీ-32

మూడేళ్లుగా ఫ్లూట్ నేర్చుకుంటున్న మా అమ్మాయికి అమెరికాలోని తన హైస్కూలు బ్యాండులో పికలో (ఫ్లూట్ జాతికే చెందిన చిన్న వాద్యం) వాయించే అవకాశం వచ్చినప్పుడు, యమహా వారి పికలోలలో గ్రెనడిల్లా కర్రతో చేసిన వైపీసీ-62 కొనాలా, వైపీసీ-32 కొనాలా అని చాలా రోజులు తర్జనభర్జన పడి, చివరకు రెండవదాన్నే ఎంచుకున్నాము. దీని గొట్టం ఏబీఎస్ రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తోను, తలభాగం వెండిపూత వేసిన లోహంతోను తయారవుతాయి. కర్రవాద్యపు నాదం మరింత మృదువుగా, నిండుగా ఉంటుందన్నది నిజమే; అయితే ఎండలోను చలిలోను మైదానంలో కవాతు చేస్తూ వాయించవలసిన పిల్లల చేతిలో కర్ర బీటలు వారే ప్రమాదం ఉంది, రెజిన్‌కు ఆ బెడద లేదు.

వేళ్లు పెట్టే పద్ధతి చాలావరకు ఫ్లూట్‌దే అయినా, దానికంటే ఒక స్థాయి (ఆక్టేవ్) పైన పలికే ఈ చిన్న వాద్యానికి పెదవుల బిగువు, ఊపిరి వేగం వేరుగా కుదరాలి. మొదటి నెలంతా తారస్థాయి స్వరాలు కీచుమన్నాయి. మేము కిటికీలు మూసుకున్నాము. మంద్రస్వరాలు ఇప్పటికీ బలహీనంగానే పలుకుతున్నాయి. దుకాణంలో కొనే ముందే ట్యూనర్ (శ్రుతి సరిచూసే పరికరం) పెట్టి, పిల్లల చేతనే మూడు స్థాయిలలోను వాయింపించి చూడడం మంచిది, ఎందుకంటే పికలోలో చిన్న అపశ్రుతి కూడా బ్యాండంతటిలో స్పష్టంగా వినబడుతుంది.