జేడీ-ఎంబీఏ జాయింట్ డిగ్రీ: చదువుకి నాలుగున్నర, ఆఫీసులకి ఒకటిన్నర

అమెరికాలో ఒక యూనివర్సిటీలో (పేరు వద్దులెండి) జేడీ (లాయర్ అవ్వడానికి అక్కడ చేసే లా డిగ్రీ), ఎంబీఏ కలిపి చేసి ఈ మధ్యే బయటపడ్డాను. చేరాలనుకుంటున్నవాళ్లు తెగ అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా. చదువుకి ఐదుకి నాలుగున్నర ఇస్తా. రెండు స్కూళ్ల ఆఫీసుల మధ్య సమన్వయానికి మాత్రం ఒకటిన్నర, అదీ లా స్కూల్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకావిడ నా గోడు ఓపిగ్గా విన్నందుకు.

జేడీ విడిగా చేస్తే 3 ఏళ్లు, ఎంబీఏ 2 ఏళ్లు, మొత్తం 5. జాయింట్‌గా అయితే మామూలుగా 4, నార్త్‌వెస్టర్న్, యేల్ లాంటి చోట్ల 3 ఏళ్లలోనే అయిపోయే ప్రోగ్రాములూ ఉన్నాయి. ఒక స్కూల్లో చదివిన కొన్ని కోర్సుల్ని రెండో స్కూల్ కూడా తన ఖాతాలో వేసుకుంటుంది, టైమ్ మిగిలేది అక్కడే. బ్రోషర్లో పెద్ద అక్షరాలతో వేసేది ఇదే. నేను దెబ్బ తిన్నదీ ఇక్కడే.

మొదటి ఏడాది బిజినెస్ స్కూల్, ఆ తర్వాత లా స్కూల్ అని ప్లాన్ వేసుకున్నా. ఏది ముందు చదివినా ఒకటేనని బిజినెస్ స్కూల్ అడ్వైజర్ అన్నారు. ఒకటి కాదండీ బాబూ! లా స్కూళ్లకి గుర్తింపునిచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్ రూల్ ప్రకారం జేడీకి కనీసం 83 క్రెడిట్లు (కోర్సుల్ని లెక్కగట్టే యూనిట్లు) ఉండాలి, లా స్కూల్లో చేరకముందు ఎంబీఏలో చదివినవి అందులోకి రావు. అంటే జేడీ లెక్కలో నా మొదటి ఏడాది సున్నా. ఈ సంగతి నాకు ఎప్పుడు తెలిసిందంటే, ఆఖరి ఏడాది ఆగస్టులో డిగ్రీకి కావాల్సినవన్నీ పూర్తయ్యాయో లేదో చూపే గ్రాడ్యుయేషన్ ఆడిట్ షీట్ తెరిచి 6 క్రెడిట్లు తక్కువని చూసినప్పుడు. బిజినెస్ స్కూల్‌కి వెళ్తే లా స్కూల్‌ని అడగమన్నారు, లా స్కూల్‌కి వెళ్తే అక్కడ ఎవరు చెప్పారో వాళ్లనే అడగమన్నారు. చివరికి ఎవిడెన్స్, ట్యాక్స్ అనే లా కోర్సులు రెండూ అదనంగా నెత్తిన వేసుకుని, ఆదివారం అనేది ఒకటుందని మర్చిపోయి గట్టెక్కాను.

ఇంత తిట్టి నాలుగున్నర ఎందుకిచ్చానంటారా? కాంట్రాక్ట్స్ (ఒప్పందాల చట్టం) మొదటి క్లాసు చెప్తా. ప్రొఫెసర్ సీటింగ్ చార్ట్ చూసి నేరుగా నా పేరే పిలిచారు. కేసు హాకిన్స్ వర్సెస్ మెక్‌గీ, 1929, న్యూహాంప్‌షైర్. కాలి మచ్చపడిన కుర్రాడి చేతిని వందకి వంద శాతం బాగుచేస్తానని డాక్టర్ మాటిచ్చి, ఛాతీ మీది చర్మం తీసి అరచేతికి అతికాడు, అరచేతిలో వెంట్రుకలు మొలిచాయి. మరి ఎంత ఇప్పించాలి? కుర్రాడు పడ్డ నొప్పికా అని నేను నసిగాను. కాదు, మాటిచ్చిన చేతికీ ఇప్పుడున్న చేతికీ మధ్య తేడాకి. ఇరవై నిమిషాలు నిలబెట్టి నాచేతే చెప్పించారు, చొక్కా తడిసిపోయింది. ఆ తేడాకి లెక్క కట్టడం ఎలాగో మాత్రం ఆ క్లాసులో ఎవరూ చెప్పలేదు. రాబోయే డబ్బుని ఇవాళ్టి విలువకి ఎలా తేవాలో నాకు ఫైనాన్స్ క్లాసు ముందే నేర్పింది. రెండు డిగ్రీలూ ఒకదానికొకటి అతుక్కున్న ఇలాంటి సందర్భాలు నాలుగేళ్లలో ఓ పది ఉంటాయి. పదే. మిగతా టైమంతా రెండు వేరు వేరు కాలేజీల్లో చదువుతున్నట్టే ఉంటుంది.

ఉద్యోగాల టెన్షన్ కూడా డబులే. లా ఫర్మ్‌ల రిక్రూటింగ్ ఈ మధ్య జేడీ మొదటి ఏడాదిలోనే మొదలైపోతోంది, ఎంబీఏ ఇంటర్న్‌షిప్‌ల గోల విడిగా. లా ఫర్మ్ ఇంటర్వ్యూలో ఎంబీఏ ఎందుకని అడుగుతారు, కన్సల్టింగ్ వాళ్లు లా ఎందుకని అడుగుతారు. లాయర్‌గానే ఉండాలని గట్టిగా అనుకున్నవాళ్లకి ఎంబీఏ అనవసరమని నా అభిప్రాయం, బిజినెస్ స్కూల్లో రెండు మూడు కోర్సులు తీసుకుంటే చాలు. కంపెనీల కొనుగోళ్లు, స్టార్టప్‌ల వైపు వెళ్లేవాళ్లకి పనికొస్తుంది.

వీసా మీద ఉన్నవాళ్లు ఒకటి చూసుకోండి. జేడీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ కాదు, ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) 12 నెలలే. కొన్ని ఎంబీఏలకి స్టెమ్ గుర్తింపు ఉంటుంది, అప్పుడు ఇంకో 24 నెలల పొడిగింపుకి దారి ఉంటుంది. చేరకముందే అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇప్పటికే ఎల్ఎల్‌బీ చేసి లాయర్‌గా ఉన్నవాళ్లు మూడేళ్ల జేడీ జోలికి వెళ్లే ముందు ఏడాది ఎల్ఎల్ఎం (లాలో మాస్టర్స్) గురించి ఆలోచించండి. న్యూయార్క్‌లో అయితే, అర్హతలు కుదిరితే, 24 క్రెడిట్ల ఎల్ఎల్ఎంతో బార్ పరీక్ష (లాయర్ లైసెన్సు పరీక్ష) రాయొచ్చు. చాలా రాష్ట్రాలు మాత్రం ఒప్పుకోవు. స్కాలర్‌షిప్ ఇస్తామంటే మార్కుల షరతు ఉందో లేదో చదవండి, అలా షరతు పెట్టి ఎంతమందికి తీసేశారో ప్రతి లా స్కూలూ 509 రిపోర్టు అనే సమాచార పత్రంలో బయటపెట్టాలి.

జాయింటే చేస్తానంటే ముందు లా స్కూల్లో చేరండి. ఏ కోర్సు ఎటువైపు లెక్కకొస్తుందో రెండు రిజిస్ట్రార్ ఆఫీసుల నుంచీ మెయిల్లో రాయించుకున్నాకే డిపాజిట్ కట్టండి. నా దగ్గర ఉన్నది అడ్వైజర్ నోటిమాట ఒక్కటే, నేను ఆడిట్ షీట్ పట్టుకుని వెళ్లేసరికి ఆయన ఉద్యోగం మారి ఆర్నెల్లయింది.