పాత ఫ్రెంచ్ బల్ల గడియారం కొంటున్నారా? రసీదులో ‘స్టయిల్’ అని ఉంటే ఆగండి

ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. ప్యారిస్‌లో ఆదివారం పాతసామాన్ల సంతకు వెళ్లే మనవాళ్లందరికీ ఆ మూల కొట్టాయన తెలుసు. వెళ్లగానే కాఫీ ఇస్తాడే, ఆయనే. పోయిన నెల ఆయన దగ్గర 2,300 యూరోలు పెట్టి బల్ల గడియారం కొన్నాను. ఫ్రాన్స్ రాజు లూయీ 16 కాలానిది, 1780 నాటిది, కంచు మీద పాదరసంతో పట్టించిన బంగారు పూత అన్నాడు. తెల్లటి ఎనామెల్ డయల్, దానికి ఆనుకుని కూర్చున్న పసివాడి బొమ్మ, అరగంటకోసారి సన్నగా ఒక్క గంట. ఆ గంట విని పడిపోయాను.

కీ తిప్పి వేగం ఎంత సరిచేసినా రోజూ టైము వెనకబడుతోంటే, రిపేరు చేసే పెద్దాయనకు చూపించాను. ఆయన గడియారాన్ని పక్కకు వంచి, బొమ్మ పాదం అడుగున సూదితో చిన్న గీత గీశారు. కంచయితే పసుపు కనిపించాలి. బూడిద రంగు కనిపించింది. జింకు పోత! వెనక తలుపు తీస్తే యంత్రం పలక మీద ‘జాపీ ఫ్రేర్’ అనే గడియారాల కంపెనీ ముద్ర. అది 1800 తర్వాతిదే అన్నారు. పలక మీద ఒక నంబరు, లోలకం మీద ఇంకో నంబరు. అంటే లోలకం వేరే గడియారానిది. డయల్‌లో 12 పైన ఉన్న చిన్న రంధ్రం చూపించి, అందులో కీ తిప్పి వేగం సరిచేసే బ్రోకో పద్ధతి కూడా 19వ శతాబ్దానిదే, 1780లో లోలకాన్ని పట్టుదారానికి వేలాడదీసేవాళ్లు అన్నారు. వారం రోజులుగా ఆ రంధ్రంలో కీ తిప్పుతున్నది నేనే. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు.

వెనక్కి తీసుకెళ్తే ఆ కొట్టాయన ఏమన్నాడో తెలుసా? నలుగురి ముందు నా చేతిలో రసీదు లాక్కుని, వేలు పెట్టి చూపించి, “చదవడం రాదా? స్టయిల్ అని రాశాను కదా” అన్నాడు. నిజమే. ‘గడియారం, స్టయిల్ లూయీ 16’. అంతే. కంచు అన్న మాటే లేదు. నేను ఇంకా మాట్లాడుతుండగానే అటు తిరిగి వేరేవాళ్లకు కాఫీ పోశాడు. ఆ రోజు నాకు పోసిన కప్పులే అవి. ఏడుపొచ్చింది.

ఫ్రాన్స్‌లో 1981 డిక్రీ ప్రకారం ‘ఎపోక్’ (కాలం) అని రాస్తే ఆ కాలానిదని గ్యారంటీ, ‘స్టయిల్’ (ఆ తరహా) అంటే ఏ గ్యారంటీ లేదు. మనం అడిగితే నోటితో చెప్పిన లోహం, వయసు రసీదులో రాసివ్వాల్సిందే. నేను అడగలేదు. మీరు అడగండి, రాయనంటే డబ్బు తీయకండి. ఆ కొట్టుకు వెళ్లేవాళ్లు ముందు నాకు మెసేజ్ పెట్టండి, ఆ గీత ఫొటో పంపిస్తాను.